కారణం చెప్పని క్షమాపణ

నవంబరు 4, మంగళవారం

వాన. జావ క్యాను మోసుకుంటూ నేనొక్కదాన్నే అన్ని ఇళ్లూ తిరిగాను. మంచాన పడ్డవాళ్లకు రాగిజావ పోయడం, వాక్యం చదవడం, ప్రార్థన చేసి రావడం. మంగళవారం మా సంఘం చేసే పరామర్శ పని ఇంతే. ఇంతే అయినా ఇద్దరుండాలి. జ్యోతి రాలేదు. మళ్లీ. "బ్లౌజులు అర్జెంటుగా కుట్టి ఇయ్యాలక్కా" అని పొద్దున్నే ఫోను.

తిరిగి వస్తుంటే రైల్వే గేటు దగ్గర దావీదు ఆటో. జ్యోతి మొగుడే, మా క్యాన్లు మోసేదీ ఆ ఆటోనే. వెనక సీట్లో జ్యోతి. ఒళ్లో ఉబ్బిన సంచి. కుట్టు మిషను ముందు కూర్చుని ఉండాల్సిన మనిషి... నన్ను చూడగానే పరదా దించేసింది. అప్పటికి వాన వెలిసి చాలాసేపయింది.

పరదా వానకు కాదు.

నవంబరు 6

మందిరం వెనక వంటగది. భార్యాభర్తలిద్దరూ గుసగుస. నేను గడపలో కాలు పెట్టగానే ఆగిపోయింది. "ఏం లేదక్కా, జావ పొంగిపోతాదేమోనని చూస్తుండాం."

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

నవంబరు 9, ఆదివారం

ఆరాధన బాగా జరిగింది. శామ్యూలు డోలక్ వాయిస్తే పిల్లలు కూడా కదలకుండా కూర్చుంటారు. రొయ్యల మేత దుకాణం, అంత వ్యాపారం... అయినా ఆదివారం అందరికన్నా ముందు వచ్చి మైకులు సర్దుతాడు. భార్య సుధ పుట్టింటికి పోయిందట. ఎండాకాలం దాటాక మళ్లీ కనపడలేదు ఆ పిల్ల. "వాళ్లమ్మకు బాగలేదు టీచరమ్మా. చూసుకోవాల గదా." హోటలు తిండి తింటున్నాడు పాపం. మొన్న చేపల పులుసు పంపించాను. క్యారేజీ తోమి మరీ తెచ్చి ఇచ్చాడు. ఏ మగవాడు చేస్తాడు ఈ రోజుల్లో?

పోతూ పోతూ అడిగాడు. "జ్యోతక్కోళ్లు మంగళవారం కనపడటం లేదే. యాడికి పోతుంటారు?"

"అదే నేనూ చూస్తున్నా" అన్నాను.

అంటే నాకొక్కదానికే కాదు అనుమానం.

నవంబరు 11, మంగళవారం

ఆటోస్టాండులో అడిగాను, ఊరికే అడిగినట్టు. "దావీదా? సత్రం పోయినాడమ్మా. మంగళవారం మంగళవారం పోతాడు గదా."

దొరవారిసత్రం. అక్కడ మా సంఘానికి ఒక్క ఇల్లు లేదు, ఒక్క మనిషి లేడు. ఏం పని?

మందిరం బీరువా తీసి చూశాను. పేదవాళ్లకని జనం ఇచ్చిన బట్టలు అందులో ఉంటాయి. రెండో తాళంచెవి జ్యోతి దగ్గర ఉంది. కొత్త దుప్పటి లేదు. మంచి చీరలు లేవు. పాతవి అలాగే ఉన్నాయి.

కిందటేడు ఒకాయన ఇలాగే విడిపోయి వేరే మందిరం పెట్టాడు. మొదట చాప, దుప్పటి... తర్వాత రేకుల షెడ్డు... తర్వాత మా కుటుంబాలు కొన్ని ఆయన వెనకాలే. సంఘం ఒకసారి చీలితే ఎలా ఉంటుందో చూసినదాన్ని. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు మందిరాలకు పోతున్నారు ఇప్పుడు.

జ్యోతికి గొంతు ఉంది. నలుగురిని కూర్చోబెట్టగలదు. దావీదుకు ఆటో ఉంది. ఇంకేం కావాలి.

నవంబరు 12

ఇంట్లో ఈయనతో చెప్పాను. పేపరు దించకుండానే, "నిన్ను రైల్వే పోలీసులో తీసుకోవాల్సింది" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

నవంబరు 15

జ్యోతిని నేరుగా అడిగేశాను. మందిరంలో, కుర్చీలు సర్దుతుండగా.

"సత్రంలో ఏముంది?"

చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని నిలబడింది. "కొన్ని అడగబాకండక్కా."

"ఎందుకు అడగకూడదు?"

"మాట ఇచ్చినాం."

"ఎవరికి?"

నా భుజం మీదుగా వెనక్కి చూసింది. తిరిగి చూస్తే మైకు తీగ చుట్టుకుంటూ శామ్యూలు. ఎవరైనా వింటారని భయం కాబోలు. తప్పు చేసేవాళ్ల చూపే అది.

"నన్ను నమ్మండక్కా."

"నమ్మకం అడిగితే వచ్చేది కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను.

నవంబరు 18, మంగళవారం

పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లాను. విన్నారు. "తొందరపడొద్దమ్మా. క్రిస్మస్ అయిపోనీ, పిలిచి మాట్లాడదాం" అన్నారు. క్రిస్మస్ దాకా ఆగితే సగం సంఘం ఉండదు. అయ్యగారి మెత్తదనమే కిందటేడు కొంప ముంచింది.

జ్యోతి ఇవాళా రాలేదు.

నవంబరు 23, ఆదివారం

చెప్పేశాను.

ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు లేచాను. పేర్లు ఎత్తలేదు. "మన మధ్య ఉంటూనే, మనం ఇచ్చిన బట్టలతోనే, దొరవారిసత్రంలో వేరే మంద కట్టుకుంటున్నవాళ్లున్నారు. వాళ్ల మనసు మారాలని ప్రార్థించండి." అంతే. పేరు ఎత్తాల్సిన పనే లేకపోయింది, తలలన్నీ వాళ్లిద్దరి వైపే తిరిగాయి.

జ్యోతి కొట్లాడుతుందనుకున్నాను. సిద్ధపడే ఉన్నాను. కానీ ముఖం సున్నం కొట్టినట్టయిపోయింది. నా వైపు చూడలేదు. మగవాళ్లు కూర్చునే వైపు చూసింది. దావీదు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. దీవెన కూడా వినకుండా ఇద్దరూ వెళ్లిపోయారు. బయట ఆటో చప్పుడు, చాలా వేగంగా.

నిజం కాకపోతే పారిపోవడం ఎందుకు.

చాలామంది వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ఎవురో ఒకరు అనాల్సిందే టీచరమ్మా." మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.

నవంబరు 24

శామ్యూలు వచ్చాడు. ఆపిల్ పండ్లు తెచ్చాడు.

"సత్రంలో యాడంట టీచరమ్మా? ఊళ్లోనా, చెరువు గట్టు వైపా?"

నాకు తెలియదన్నాను. దావీదు మేనత్త ఎవరో అటువైపు ఉందని ఎప్పుడో విన్నాను. అదీ చెప్పాను.

టీ సగంలో పెట్టి లేచాడు.

బైబిలు స్టడీకి ఎన్నిసార్లు పిలిచినా రాని మనిషి. సంఘం చీలుతుందని ఇంత ఆత్రమా?

ఏమో. నాకు అందరి మీదా అనుమానమే అని ఈయన అంటూనే ఉంటారు.

నవంబరు 25, మంగళవారం

జ్యోతి ఇంటికి తాళం. మిషను మీద గుడ్డ కప్పి ఉంది, కిటికీలోంచి చూశాను. అవును, కిటికీలోంచి చూశాను.

నవంబరు 26

పొద్దున్నే జ్యోతి. తడిసి ముద్దయి ఉంది. తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేం దాచింది సుధనక్కా."

అర్థం కాలేదు. ఏ సుధ అన్నాను.

"శామ్యూలు పెండ్లాం. పుట్టింటికి పోలేదు. పోతే ఆడికే వచ్చి ఈడ్చుకొస్తాడు, రెండుసార్లు తెచ్చినాడు. చెయ్యి ఇరగ్గొట్టినాడు. అన్నం గరిట కాల్చి ఈపు మీద పెట్టినాడు. మా ఆయన మేనత్త ఆదెమ్మ ఇంట్లో పెట్టినాం. మంగళవారం మందులు, బట్టలు తీసకపోతుండాం. ఆ దుప్పటి, ఆ చీరలు... ఆ పిల్లకే."

వాన చప్పుడు. ఇంకేం వినపడకపోతే బాగుండుననిపించింది.

"నువ్వు ఊరి పేరు చెప్పినావు. ఆయన డోలక్ పక్కన కూర్చోని ఉండగా." ఎప్పుడూ మీరు అనే జ్యోతి. నువ్వు అంది. "మందిరంలోంచి నేరుగా సత్రం పోయినాం. సుధను అప్పుడే వేరే చోటికి మార్చినాం. సోమవారం వచ్చినాడు. ఇల్లు తెలుసుకోని వచ్చినాడు. మేనత్త వాకిట్లో అడ్డం పడుకునింది. ఎత్తి తోసినాడు. తుంటి ఎముక పగిలింది. నెల్లూరు ఆసుపత్రిలో ఉండాది."

ఇల్లు తెలుసుకుని. మేనత్త అని చెప్పింది నేను. ఆ మాట జ్యోతితో అనలేకపోయాను... తర్వాత అన్నాను. అన్నప్పుడు జ్యోతి గోడ పట్టుకుంది.

"నాకొక్క మాట చెప్పి ఉంటే" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

"ఎట్టా చెప్పేదక్కా? నువ్వు ఆయనకు చేపల పులుసు పంపిస్తుంటివి."

నవంబరు 27

నెల్లూరు. ఎముకల వార్డు. ఆదెమ్మను ఇంతకు ముందు చూసింది లేదు. మన మందిరం మనిషి కాదు. నుదుట బొట్టు, మెడలో తాడు. పొలం పనులు చేసిన చేతులు. కాలికి బరువు కట్టి వేలాడదీశారు.

ఎవరని అడిగింది. చెప్పాను.

"ఓహో. ఆ టీచరమ్మవి నువ్వేనా." పైకప్పు వైపు చూస్తూ అంది, "ఆ పిల్ల నిద్దట్లో లేసి కూకునేది. తలుపు గడి పడిందా అత్తా అని అడిగేది. ఇప్పుడిప్పుడే నిద్రపోతుండె."

కమలాపండు ఒలిచి ఇచ్చాను, తినింది.

వచ్చేటప్పుడు అంది, "ఇంకోసారి యాడా ఊరి పేరు చెప్పబాక."

నవంబరు 30, ఆదివారం

మందిరానికి వెళ్లాను. వెళ్లకపోతే ఎందుకు రాలేదంటారు. జ్యోతి, దావీదు రాలేదు.

"పీడ వదిలింది" అంది పక్కనామె నా చెవిలో. ఆ మాట వారం రోజుల కింద నేనే అనగలిగినదాన్ని.

శామ్యూలు డోలక్. చేతివేళ్ల కణుపుల మీద చెక్కుకుపోయిన మచ్చలు. గోనె సంచులు దించుతుంటే తగిలి ఉంటాయి... లేదా. చూడకూడదనుకుంటూనే పాట అయ్యేదాకా ఆ చేతుల్నే చూశాను. ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. నవ్వాడు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

డిసెంబరు 2, మంగళవారం

జ్యోతి ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టింది. దావీదు లోపలినుంచి "రానీమే" అన్నాక పక్కకు జరిగింది.

పోలీసు కేసు పెట్టొచ్చుగా అన్నాను. "అది సుధ చెప్పాల. ఇంకా చెప్పలేదు. ఆమె మీద ఆమెకు ఆ మాత్రం అధికారమన్నా ఉండనీ." దావీదు అన్నాడిది. అతను ఇంత పొడుగు మాట అనడం ఎప్పుడూ వినలేదు.

నన్ను క్షమించమన్నాను. జ్యోతి మిషను మీది గుడ్డ తీసి మడిచింది, మళ్లీ విప్పింది.

"అందరి ముందర అన్నావు. అందరి ముందర చెప్పు. ఇంటికొచ్చి చెప్పే మాట నాకొద్దు."

"చెప్తాను."

"సుధ మాట రాకూడదు. ఊరి మాట రాకూడదు. మేం మంచి పనే చేస్తుండామని కూడా అనబాక. ఏం పని అని అడుగుతారు."

"మరి ఇంక నేను చెప్పేదానికి ఏం మిగులుతుంది?"

"నువ్వు తప్పు అనే మాట మిగులుతాది. అది చాలదా?"

డిసెంబరు 3

అయ్యగారికి చెప్పాను, ఆదివారం రెండు నిమిషాలు మాట్లాడాలని. సంతోషించారు. తర్వాత అడిగారు, "అయితే వాళ్ల సంగతి తెలిసిందా?"

తెలిసిందన్నాను.

"ఏంది?"

చెప్పలేనన్నాను. చెప్పకూడదన్నాను.

కళ్లజోడు తీసి నా ముఖంలోకి చూశారు. ఏదో దాస్తున్నదే ఈమె, అన్నట్టు. ఆ చూపు నాకు కొత్త కాదు. నేను జ్యోతిని చూసిన చూపే. ఇటువైపు నిలబడితే ఇంత బరువుంటుందని తెలియదు.

డిసెంబరు 5

రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. 'నాకు తెలియక' అని రాశాను. కొట్టేశాను, తెలియక కాదు, తెలిసినట్టు అన్నాను. 'సంఘం మీద ప్రేమతో' అని రాశాను. అదీ కొట్టేశాను. ప్రతి వాక్యంలోనూ ఎక్కడో ఒక మూల నన్ను నేను కాపాడుకుంటున్నాను.

ఈయన చదివారు. "దీంట్లో నువ్వే ఎక్కువున్నావు. జ్యోతి, దావీదు తక్కువున్నారు."

సగం చింపేశాను.

డిసెంబరు 7, ఆదివారం

జ్యోతి, దావీదు వచ్చారు. చిట్టచివరి వరస, ద్వారం పక్కన.

లేచాను. కాగితం తీసుకెళ్లలేదు. "మొన్న ఇక్కడ నిలబడి జ్యోతి మీద, దావీదు మీద నింద వేశాను. పేరు చెప్పకుండా వేశాను, అది ఇంకా పిరికితనం. ప్రార్థన పేరు పెట్టి వేశాను. వాళ్లు సంఘాన్ని చీల్చడం లేదు. ఏ బట్టా దొంగిలించలేదు. తప్పు నాది. అందరి ముందర అన్నాను గనక అందరి ముందర అడుగుతున్నాను. జ్యోతీ, దావీదూ, నన్ను క్షమించండి."

కూర్చోబోయాను. అక్కడికి అయిపోయి ఉంటే...

వెనకనుంచి ఎవరో పెద్దాయన, "సంతోషమేనమ్మా. మరి సత్రంలో ఏం చేస్తుండారంట?"

"అది నేను చెప్పను."

"చెప్పవా? అంటే ఏదో ఉన్నట్టేగా."

గుసగుసలు మొదలయ్యాయి. ఆడవాళ్ల వైపు, మగవాళ్ల వైపు. జ్యోతి తల వంచుకుంది. క్షమాపణ కూడా నిందలాగే తగులుతోంది వాళ్లకు. తట్టుకోలేకపోయాను. నోట్లోంచి వచ్చేసింది, "వాళ్లలో చెడు లేదు. నేను కళ్లారా చూసి వచ్చాను."

డోలక్ మీద ఊరికే టకటకమంటున్న వేళ్లు ఆగాయి.

చూసి వచ్చాను. ఎందుకన్నాను ఆ మాట?

దీవెన తర్వాత దావీదు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "చాల్లే అక్కా. మనసులో ఏం పెట్టుకోలేదు." జ్యోతి ద్వారం దగ్గరే ఉండిపోయింది. నేనే వెళ్లాను.

"క్షమాపణ బాగా చెప్పినావు. ఆ చివర మాట ఎందుకు?"

డిసెంబరు 9, మంగళవారం

పరామర్శకు ఇద్దరు ఆడవాళ్లు రామన్నారు. "టీచరమ్మ కూడా వాళ్లతో కలిసిపోయింది" అంటున్నారట. మొన్న నా చెయ్యి పట్టుకున్నవాళ్లే. ఒక్కదాన్నే పోయాను. ఒక ఇంట్లో జావ తీసుకున్నారు గానీ ప్రార్థన వద్దన్నారు.

సాయంత్రం ఆదెమ్మను చూడటానికి బస్సెక్కబోయి ఆగిపోయాను. బస్టాండు బయట, టీకొట్టు నీడన, బైకు మీద ఆనుకుని... శామ్యూలేనా? హెల్మెట్ ఉంది. వాడే అనుకున్నాను. కాకపోవచ్చు. ఈసారి నా అనుమానం నిజమో అబద్ధమో తేల్చుకునే ధైర్యం లేదు. నిజమైతే ఆ బస్సు ఎక్కకూడదు. అబద్ధమైతే ఆదెమ్మ ఎదురుచూస్తుంది.

ఇంటికి వచ్చేశాను.

డిసెంబరు 11

వచ్చాడు. ఈయన మందుల షాపుకు వెళ్లిన వేళ చూసి వచ్చాడు. ఇది అనుమానం కాదు. ఈయన వీధి మలుపు తిరగడం, ఇతను గేటు తీయడం, రెండూ చూశాను.

చేతిలో ఏమీ లేదు. కుర్చీ లాక్కుని నాకూ ద్వారానికీ మధ్య కూర్చున్నాడు.

"టీచరమ్మా. మీరు అబద్ధం ఆడరని ఊరంతా ఎరుగుదురు. ఒక్క మాట అడుగుతా. కళ్లారా చూసినానంటిరే. ఎవుర్ని చూసినారు?"

చేతులు కొంగులో దాచుకున్నాను. "ఎవరిని చూస్తాను నాయనా?"

"సుధను చూసినారా?"

ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు ఆ తెలివి. "సుధనా? ఆ పిల్ల పుట్టింట్లో కదా ఉంది. నువ్వే చెప్పావు. వాళ్లమ్మకు ఎలా ఉంది ఇప్పుడు?"

గోడ గడియారం వైపు చూశాడు. నేలకేసి చూశాడు. నవ్వాడు. ఆ నవ్వు ఆదివారం నవ్వే, ఏమీ తేడా లేదు.

"బాగుండాదిలే. తొందర్లో వచ్చేస్తాది సుధ." లేచాడు. "క్యారల్స్‌కు ఇంటింటికీ వస్తుండాం గదా టీచరమ్మా. మీ ఇంటికి నేనే డోలక్ తెస్తా. అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం."

గడియ వేశాను. మళ్లీ చూశాను, పడిందా లేదా అని.

డిసెంబరు 12

జ్యోతికి ఫోను చేసి అంతా చెప్పాను. శామ్యూలు మాట, నా మాట. ఒక్క ముక్క మింగకుండా, ఒక్క ముక్క కలపకుండా.

"నువ్వేమన్నావు?" మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను.

అవతల, వెనకాల ఎవరో ఆడమనిషి దగ్గు. ఎవరు అని అడగలేదు. నాలుక చివరిదాకా వచ్చింది, అడగలేదు.

"మంగళవారం ఖాళీగా ఉంటావా అక్కా?" అంది.

ఉంటానన్నాను. పెట్టేసింది.

ఎందుకు ఖాళీ? నమ్మిందా, సుధ దగ్గరికి తీసుకుపోతుందా? లేక మంగళవారం నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, వాడి కళ్లు నా గేటు మీద ఉండగా, వాళ్లు ఇంకోవైపు పోతారా? అలా అయినా మంచిదే. మంచిదే అని రాశాను గానీ... తెలుసుకోవాలని ఉంది.

డిసెంబరు 14, ఆదివారం

అయ్యగారికి ఒక్కటే చెప్పాను, మా ఇంటికి ఈసారి క్యారల్స్ వద్దని. "ఎందుకమ్మా?" అన్నారు. ఒంట్లో బాగలేదన్నాను. శామ్యూలు అక్కడే మైకు సర్దుతున్నాడు. విన్నాడు.

డిసెంబరు 16, మంగళవారం

సముద్రం మీద వాయుగుండమట. గాలి. స్నానం చేసి, జడ వేసుకుని, చెప్పులు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఈయన ఎక్కడికి అన్నారు. తెలియదన్నాను. నా ముఖం చూసి, ఇంకేం అడగలేదు.

మధ్యాహ్నమైంది. ఫోను రాలేదు.

నేనే చేయొచ్చు. చేయి ఫోను మీదికి వెళ్తోంది, ఆపుకుంటున్నాను. చేస్తే అడుగుతాను. అడిగితే, అడిగినందుకే చెప్పదు.

జ్యోతి స్థానంలో నేనుంటే, నన్ను నమ్మేదాన్నా?